సగం మాత్ర

"ఎండలకి అందరికీ కళ్ళు తిరుగుతాయి అత్తయ్యగారూ. కాసిని మజ్జిగ తాగండి" అంది రత్నమాల, పొయ్యి మీది కూర కలుపుతూ, వెనక్కి తిరక్కుండానే. గుమ్మం పట్టుకుని నిలబడ్డ వెంకటదుర్గమ్మ "ఆయ్, అంతేలే" అనేసి, మాగాయ ముక్కలు తిరగెయ్యడానికి మేడ మీదకి వెళ్ళిపోయింది.

నాలుగోరోజు మధ్యాహ్నం ఆవిడ ఆ మేడమెట్ల మీంచే పడిపోయింది. తుంటి విరిగింది.

మలికిపురం నుంచి అమలాపురం ఆసుపత్రి దాకా కారులో భర్త భాస్కర్‌ది ఒకటే మాట. "ఇంట్లో ఉండేది నువ్వే కదా. మా అమ్మని చూసుకోవద్దా?" రత్నమాల అత్తగారి తల కదలకుండా ఒళ్ళో పట్టుకుని కూర్చుంది. మార్చి నెలలో భర్తతో డాక్టరుగారు చెప్పిన మాటలే చెవుల్లో తిరుగుతున్నాయి. "చలికి రక్తనాళాలు బిగుసుకుని బీపీ పెరుగుతుందండి. ఎండలు ముదిరితే అవి వదులవుతాయి, చెమటకి ఒంట్లో నీరు పోతుంది, బీపీ దిగుతుంది. ఈ వేసవికి మీకు సగం మాత్ర చాలు." ఆ మర్నాటి నుంచీ మాత్ర విరిచి, మంచినీళ్ళతో సహా భర్త చేతిలో పెడుతున్నది తనే. అత్తగారిదీ అదే మాత్ర. నాలుగేళ్ళ కిందటి చీటీ మీద షాపులో తెప్పించుకుని రోజూ నిండు మాత్రే వేసుకుంటోంది. ఆవిణ్ణీ ఒకసారి చూపిద్దామని రత్నమాల అడక్కపోలేదు. "అమ్మకేం, గుండ్రాయి" అన్నాడు భాస్కర్ ఫోన్లోంచి తలెత్తకుండా. మళ్ళీ అడగలేదు.

ఎందుకు అడగలేదు? పదహారేళ్ళ కిందట, ఇలాంటి మే నెలలోనే, తనకి ఏడోనెల. కాళ్ళు వాచిపోయి కళ్ళముందు మెరుపులు కనిపిస్తున్నాయంటే ఈ అత్తగారే అంది, ఎండలకి కడుపుతో ఉన్నవాళ్ళందరికీ కాళ్ళు వాస్తాయని. వారం తిరక్కుండా బీపీ పెరిగి ఫిట్స్ వచ్చాయి. తను మిగిలింది, బిడ్డ మిగల్లేదు. మొన్న వంటింట్లో తన నోటికీ అచ్చం ఆ మాటే వచ్చింది. అలవాటుగా వచ్చిందా, ఇన్నేళ్ళూ కోపం దాచుకున్నందుకు వచ్చిందా? ఎంత తవ్వి చూసుకున్నా తేలడం లేదు.

ఆసుపత్రిలో పరీక్షలయ్యాక డాక్టరమ్మ అడిగింది. "బీపీ బాగా పడిపోయిందండి. కళ్ళు తిరుగుతున్నాయని ముందే ఏమన్నా చెప్పేరా?"

"లేదండీ, మా అమ్మ ఏదీ చెప్పదు" అన్నాడు భాస్కర్.

"చెప్పేరండి" అంది రత్నమాల. "నాకు చెప్పేరు."

"తెలిసీ ఊరుకున్నావా?"

"ఊరుకున్నాను. సగం మాత్ర సంగతి మీకూ తెలుసు కదండీ."

అతను మొహం తిప్పుకుని బయటికి వెళ్ళిపోయాడు.

రత్నమాల మంచం దగ్గర కూర్చుంది. "తెలిసే అన్నానేమో అత్తయ్యగారూ ఆ రోజు" అంది నెమ్మదిగా.

వెంకటదుర్గమ్మ పైకే చూస్తూ అంది. "నాకూ తెలుసమ్మాయ్, అప్పుడు. నీ కాళ్ళు చూసి నర్సమ్మ వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళమంది. మీ మావగారితో చెప్పేను. ఈ ఇంట్లో ఆడాళ్ళకి అన్నీ రోగాలేనని కసిరేరు. ఇంక రెండోసారి అడగడానికి నోరు రాలేదు. నీకేమో ఎండలని చెప్పేను."

క్షమించమని ఇద్దరిలో ఎవరూ అడగలేదు. రత్నమాల ఆవిడ నుదుటి చెమట తుడిచింది. పదహారేళ్ళలో ఈ మాట ఒక్కరోజు ముందు చెప్పుకున్నా బావుండేది అనిపించింది.

భాస్కర్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "అమ్మకి జావ పట్టుకురా."

"మీరు తెచ్చి తాగించండి. నేను బీపీ చూపించుకోవాలి. ఆ కాన్పు తర్వాత ఎవరూ చూళ్ళేదు."

"నీకేమైందిప్పుడు? ఎండలకి..."

"నేను చూపించుకోవాలి" అంది రెండోసారి, లేచి నిలబడుతూ.