జానెడు కిందికి

స్క్రూలు ఆరే కదా, ఆరు విప్పి, షెల్ఫుని జానెడు కిందికి దించి, మళ్ళీ ఆరు బిగించడం, గంట పని, ఉలి పట్టడం వచ్చినవాడికి గంట కూడా కాదు, ముప్పావు గంట, అలాంటి ముప్పావు గంటని తొమ్మిదేళ్ళు సాగదీసిన వడ్రంగి ఇంకొకడు పుట్టి ఉండడు, అనుకుంటూ అతను వంటింటి గుమ్మంలోనే నిలబడిపోయాడు, చేతిలో కాఫీ చల్లారిపోతోంది, ఎదురుగా గోడకి అదే షెల్ఫు, తను కొట్టిందే, తన ఎత్తు చూసుకుని కొట్టింది, దాని మీద ఉప్పు డబ్బా, పంచదార డబ్బా, కింద గోడవార స్టూలు, ఆ స్టూలు మీదికి నిన్న కూతురు ఎక్కింది, ఏడో నెల కడుపుతో, ఒక చెయ్యి గోడకి, ఒక చెయ్యి డబ్బాకి, అతను చూశాడు, చూసి జాగ్రత్త అన్నాడు, జాగ్రత్త అనడానికి వడ్రంగే కావాలా, దారిన పోయేవాడైనా అంటాడు.

పదింటికి మనిషి వస్తాడు నాన్నా, అంది ఇవాళ పొద్దున, కాన్పుకని వచ్చి నెల అయింది, వచ్చిన రోజు అడిగింది, మర్నాడు అడిగింది, వారం అడిగింది, ఇప్పుడేమో, ఆ షెల్ఫు దించమని బయట చెప్పేశాను, నువ్వేం పట్టించుకోకు, గొంతులో కోపం లేదు, ఉంటే బావుండేది, ఎవడే ఆ మనిషి అంటే, పై వీధిలో ఉన్నాడుగా, ఆయనే, అంది, ఆయనట, జిగురుడబ్బా, గాడి కొట్టి చెక్కని చెక్కలో కూర్చోబెట్టడం రాక అన్నిటికీ జిగురు పూసి చేతులు దులుపుకునేవాడు, వాడొచ్చి నలభై ఏళ్ళు ఉలి పట్టినవాడి ఇంట్లో షెల్ఫు దించుతాడు, దించి ఊరుకోడు, ఏం బాబాయ్, చేతులు పడిపోయాయా అంటాడు, గడియారంలో తొమ్మిదింబావు, వాడు వచ్చేలోపు ఉన్నది సరిగ్గా ముప్పావు గంట, అయినా కాలు గుమ్మం దాటదు.

బద్ధకమా, బద్ధకస్తుడైతే బయటి పనులెలా అయ్యాయి, చెప్పిన రోజుకి తలుపులు, చెప్పిన పూటకి మంచాలు, మాట తప్పడని పేరు, ఆ పేరు ఇంట్లోకి వచ్చేసరికి ఎందుకు చచ్చింది, పోనీ తీరిక లేకనా, తీరిక లేనివాడు ఆదివారం పూట పదునున్న ఉలికే మళ్ళీ పదును పెడుతూ కూర్చుంటాడా, ఏమయ్యా, ఆ షెల్ఫు కాస్త దించవయ్యా, సాయంత్రం అయ్యేసరికి భార్య వెనక షెడ్డులోకి వచ్చి చెక్కపొట్టులో నిలబడేది, రేపు చూద్దాం లేవే, నీ రేపుకి మీసాలొచ్చాయయ్యా, ఇక పిల్లని చూడాలి దానికి, అని నవ్వేది, అతనికీ నవ్వొచ్చేది, రానిచ్చేవాడు కాదు, పని మీదున్నప్పుడు ఏంటీ నస, పో, అనేవాడు, పోయేది కాదు, పక్కింటామె మోకాలి నొప్పి, కుళాయిలో నీళ్ళు సన్నగా రావడం, పిల్ల బడిలో ఎవరితో తగువు పడిందో, చిత్రిక పట్టిన చెక్క మీద అరచెయ్యి రాస్తూ చెప్పుకుంటూ పోయేది, మిగతా రోజంతా వాళ్ళిద్దరి మధ్య ఏముంది గనక, తిన్నావా, తిన్నా, దీపం ఆర్పు, అంతే, ఆ షెల్ఫు దించేసి ఉంటే ఇంక ఏ పని మీద వస్తుంది ఆవిడ, అనుకుని, తన ఆలోచనకి తనే ఉలిక్కిపడ్డాడు, అదా సంగతి, పని చెయ్యలేక కాదు, అడిగించుకోవడానికి, ఎంత నీచుడివిరా, ఆడదాన్ని ఉన్నన్నాళ్ళూ స్టూలెక్కించావు.

కాఫీ గ్లాసు కింద పెట్టాడు, డబ్బాలు దించాడు, మొదటి స్క్రూ తుప్పు పట్టి కదల్లేదు, చుక్క నూనె వేశాడు, మణికట్టు లాగింది, కిర్రుమని తిరిగింది, అది తిరిగాక రెండోదానికి ఆలోచన అక్కర్లేకపోయింది, చెయ్యే వెళ్ళింది, కూర్చుని తలుచుకుంటే కొండ, చెయ్యి పెడితే గంట, ఈ మాట పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు తను, చప్పుడుకి కూతురు వచ్చింది, ఇదేంటి నాన్నా, ఆయన వస్తున్నాడుగా, వాడికి రావద్దని చెప్పు, చెప్తాలే, ముందు ఇది పూర్తి కానీ, అంది, నమ్మకం లేదు దానికి, ఎందుకుంటుంది, ఇలా రా, గోడ దగ్గర నిలబడి చెయ్యెత్తు, మునివేళ్ళ మీద కాదే, మామూలుగా, ఆ, కదలకు, వేళ్ళ చివర పెన్సిలు గీత పెట్టాడు, అమ్మ చెయ్యి కూడా సరిగ్గా ఇక్కడికే అందేది నాన్నా, అంది, అవునా, అతనికి తెలీదు, ఎన్ని ఇళ్ళ గుమ్మాలు కొలిచాడో, ఇంట్లో మనిషిని కొలవలేదు, పాపం అమ్మ, ఆఖరి ఏడాది అడగడమే మానేసింది కదా, అంది కూతురు, మామూలుగా, వాతావరణం గురించి చెప్పినట్టు, ఫోన్ తీసుకుని జిగురుడబ్బాకి చెప్పడానికి బయటికి వెళ్ళింది.

మానేసింది, అవును, అతని చేతిలో పెన్సిలు ఆగింది, మానేసిన సంగతి తనకి తెలుసు, తెలిసి హమ్మయ్య అనుకున్నాడు, మా ఆవిడ దారికొచ్చిందిరా, ఇల్లు ప్రశాంతంగా ఉంది అని నలుగురిలో నవ్వుతూ చెప్పాడు కూడా, రెండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం గుండె ఆగి పోయిందని ఇన్నాళ్ళూ ఏడుస్తున్నాడు, డాక్టర్ని తిట్టాడు, దేవుణ్ణి తిట్టాడు, చెప్పకుండా పోయిందని ఆమెనే తిట్టాడు, కానీ ఆమె పోయింది ఆ మధ్యాహ్నం కాదు, అంతకి ఏడాది ముందు, ఏదో ఒక మామూలు సాయంత్రం, షెడ్డు దాకా రాబోయి, ఎందుకులే అనుకుని వెనక్కి తిరిగినప్పుడు, ఆ సాయంత్రం ఎవరూ అడ్డు రాలేదని అతను ఒక తలుపు ఎక్కువే పూర్తి చేశాడు.