చెప్పులాయన ఎక్కడ కూర్చునేవాడు?

గుడి చుట్టూ వీధిని వెడల్పు చేస్తామని చెప్పి, వీధినే లేకుండా చేసేశారు. ముప్పై దుకాణాలు పోయి ముప్పై కుప్పలు మిగిలితే, ఆ కుప్పల్నీ ఎత్తేసి, కంకర పరిచి, రోలరుతో తొక్కించారు. ఆ చదును మధ్యలో చదువు రానివాడిలా దిక్కులు చూస్తూ నిలబడ్డాడు చెప్పులాయన.

ముప్పై ఏళ్లుగా ఆయన పని భక్తుల చెప్పులు కాపలా కాయడం. వృత్తి చెప్పులే గానీ, నోరు విప్పి చెప్పేది మాత్రం తక్కువ. ఆయన దగ్గర టోకెన్లుండవు. ఎటునుంచి వచ్చినవాళ్ల జత అటువైపు, తన ఒంటి చుట్టూ పేర్చుకుంటాడు. దర్శనం చేసుకుని వచ్చిన మనిషి ముఖం చూడడు, పాదాలు చూస్తాడు. చెయ్యి దానంతటదే వెళ్లి సరైన జత మీద వాలుతుంది. ఇన్నేళ్లలో ఒక్క జత తారుమారు కాలేదు. ఆ సంగతి ఎవరైనా అడిగితే చెబుదామని ఉండేది. ఎవరూ అడగలేదు.

ఇవాళ మాత్రం ఆయన చోటే తారుమారైంది.

ఇంజనీరు మైకులో అరుస్తున్నాడు. "మీ మీ పాత చోట్లలో నిలబడండి! ఎక్కడ మేకు దిగితే కొత్త కట్టడంలో అక్కడే మీ దుకాణం. మనిషి లేకపోతే మేకు లేదు. పన్నెండింటికల్లా ముగించేస్తాను!"

"అన్నయ్యా, మనం ఎక్కడ?" అంది గాజులక్క. చెప్పులాయన పక్క దుకాణం ఆమెది.

"నీకు ఎడమపక్క నేను."

"నీకు కుడిపక్క నేను. అది తెలుసులే. ఎక్కడ?"

"నీ పక్కనే."

"బావ తేలితే నేను బావ పక్కన తేలతాను," అన్నాడు పూలకొట్టు బావమరిది, చేతులు కట్టుకుని.

"మీ బావ తేలేలా లేడురా, మునిగేలా ఉన్నాడు," అంది చెప్పులాయన భార్య. ఆ ఇంట్లో ఇద్దరి వాటా మాటలూ ఆవిడే మాట్లాడుతుంది.

గుడిని బట్టి గుర్తుపడదామంటే అదో చిక్కు. ముప్పై ఏళ్లూ ఆయన గుడికి వీపు పెట్టే కూర్చున్నాడు, మధ్యలో ఓ గోడ. ఇప్పుడు గోడ లేదు. గోపురం అడుగునుంచి కొసదాకా కనిపిస్తోంది. ఎక్కడ నిలబడి తల తిప్పినా సరిగ్గా తన వీపు వెనకే ఉన్నట్టుంది. ఇంత పెద్దదా ఈ గుడి, అనుకున్నాడు. పది అడుగులు అటు వేశాడు, ఇదే అనిపించింది. పది అడుగులు ఇటు వేశాడు, ఇదీ అనిపించింది. చుట్టూ అందరూ ఇలాగే, పోగొట్టుకున్న చెవిపోగు వెతుకుతున్నట్టు నేల చూస్తూ తిరుగుతున్నారు.

నిలబడితే బుర్ర పనిచేయడం లేదు. నిలబడి పనిచేసిన అలవాటు దానికి లేదు మరి. తువ్వాలు పరిచి కూర్చున్నాడు, కాస్త ఆలోచించుకుందామని.

అంతే. ఓ ముసలాయన భార్యతో వచ్చి ఆయన ముందు చెప్పులు విడిచాడు.

"అయ్యో, ఇక్కడ కాదండీ..." అనేలోపే వాళ్లు గుడివైపు వెళ్లిపోయారు.

రెండు జతలు కనబడితే మూడోది రావడం ఎంతసేపు? మనిషిని నిలబడి ఉండగా ఎవరూ గుర్తుపట్టలేదు గానీ, కూర్చోగానే ఊరంతా గుర్తుపట్టింది. అరగంటలో నలభై జతలు. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. చెప్పులాయనకు హాయిగా ఉంది. ఎందుకొచ్చాడో కూడా మరిచిపోయాడు.

పన్నెండుకు పది నిమిషాలుండగా భార్య పరుగెత్తుకొచ్చింది.

"లేవయ్యా మహానుభావా! అక్కడ మేకులు దిగుతున్నాయి! గాజులక్కా, మా తమ్ముడూ నీకోసం మధ్యలో సందు వదిలి నిలబడ్డారు. నువ్వేమో దారి మధ్యలో దర్బారు పెట్టావు!"

"ఎలా లేవను? నేను లేస్తే ఏ జత ఎవరిదో తెలియదు."

"నీకు తెలుసుగా!"

"కూర్చుంటేనే తెలుసు. పోనీ నువ్వు కూర్చో."

"నేనెవరి కాళ్లు చూశాను? ముప్పై ఏళ్లుగా నీ ముఖమే చూస్తున్నాను, అదే ఎక్కువ!"

"అయితే నువ్వెళ్లి సందులో నిలబడు."

"ఇంజనీరు పుస్తకంలో ఫోటో నీది. మీసాలు నన్నెక్కడ తెచ్చుకోమంటావు?"

మైకు మళ్లీ అరిచింది. "చెప్పుల స్టాండు! ఉన్నారా, లేరా?"

ఉన్నాను, అనుకున్నాడు చెప్పులాయన. ఎక్కడున్నానో తెలియదు గానీ ఉన్నాను.

నలభై జతలూ తననే చూస్తున్నట్టనిపించింది. లేస్తే నలభై మందికి అన్యాయం. లేవకపోతే తనకు చోటే లేదు. "ఆఖరి పిలుపు!" అంది మైకు. లేచాడు. ఒట్టి కాళ్లతో కంకర మీద గెంతుతూ పరుగెత్తి సందులో దూరాడు.

"ఇదేనా మన చోటు?" అన్నాడు రొప్పుతూ.

"ఏమో అన్నయ్యా, మిగిలింది ఇదే," అంది గాజులక్క.

మేకు దిగింది. నాలుగు దెబ్బలు. బావమరిది భుజం తట్టాడు. భార్య కళ్లు తుడుచుకుంది. చెప్పులాయన మాత్రం వెనక్కి తిరిగి తువ్వాలు వైపు చూస్తున్నాడు.

దర్శనం అయిన జనం వస్తున్నారు. తువ్వాలు దగ్గర ఒక్క క్షణం ఆగి, అటూ ఇటూ చూసి, వంగి ఎవరి జత వాళ్లు తొడుక్కుని వెళ్లిపోతున్నారు. గొడవ లేదు, వెతుకులాట లేదు. ఒకాయన వేరేవాళ్ల చెప్పులో కాలు పెట్టాడు. "అది కాదు!" అని చెప్పులాయన ఇక్కణ్ణుంచే ఆశగా కేకేశాడు. అది వినబడకముందే ఆ మనిషి కాలు తీసి, పక్కనున్న తన జతలో పెట్టుకుని నడిచిపోయాడు.

ముసలి దంపతులు కూడా వచ్చారు. భర్త భార్య చెప్పులు ఏరి ఇచ్చాడు. చేతులు పట్టుకుని వెళ్లిపోయారు.

"ఇక్కడ సంతకం," అన్నాడు ఇంజనీరు, పుస్తకం చాపి. చెప్పులాయన పెట్టాడు. "కొత్త దుకాణంలో వ్యాపారం ఏమిటని రాయమంటారు?"

చెప్పులాయన మళ్లీ తువ్వాలు వైపు తిరిగాడు.

"చెప్పవేం? చెప్పుల కాపలా అని రాసుకోండి బాబూ," అంది భార్య.

"ఆగు," అన్నాడు చెప్పులాయన. దూరంగా తువ్వాలు పక్కన ఇంకా ఒక జత మిగిలి ఉంది. "ఆ జత మనిషి రానివ్వండి సార్. అప్పుడు చెప్తాను."