వాడని నాలుక

...అంటే చేపకు కళ్లు పోయింది గుహలోని చీకటి వల్ల కాదు, చూడటం మానుకోవడం వల్ల. వాడని అవయవం చిక్కిపోతుంది, ఆ చిక్కిపోవడమే పిల్లలకు దిగుతుంది. జీవులు ఎలా మారుతూ వచ్చాయో చెప్పే ఆ వాక్యాలను పదకొండేళ్ల క్రితం ఈ మ్యూజియం గాజు పలక మీద తెల్లరంగుతో రాసింది అతనే. అప్పటికి పెళ్లి కాలేదు. అక్షరాలు రాసే పనికి నోటితో అవసరం లేదు గనక మాట్లాడటం ఎప్పుడో తగ్గించేశాడు.

కూతురికి ఐదేళ్లు. ఇంతవరకు ఒక్క మాట లేదు. చెవులు బాగానే ఉన్నాయన్నారు డాక్టర్లు. ఎందుకు రాలేదో మాత్రం చెప్పలేకపోయారు. ఒకరోజు పాపకు జడ వేస్తూ భార్య నవ్వుతూనే అంది: "నాన్న పోలిక మరి. ఇద్దరూ కలిసి మూగనోము పట్టారు."

ఆమె ఆ మాట మరిచిపోయింది. అతను దాన్ని చేప పక్కన పెట్టుకుని రోజూ చదువుకున్నాడు. నేను నాలుక వాడలేదు, పాపకు మాట రాలేదు. ఘోరమే, కానీ ఒక కారణం దొరికింది.

ఇవాళ పొద్దున మ్యూజియానికి కొత్తగా వచ్చిన అధికారిణి అతన్ని గాజు దగ్గరికి పిలిచింది.

"ఇది పాతకాలపు ఊహండీ. జనం నిజమనుకుని వెళ్తున్నారు. కింద ఒక లైను రాయండి, ఈ వాదం తప్పు అని."

"తప్పా?"

పక్కన తలుపు బిగిస్తున్న వడ్రంగి నోట్లోని స్క్రూ తీసి, "గురువుగారు పలికారు. ఇవాళ వాన ఖాయం," అన్నాడు.

ఆమె నవ్వింది. "తప్పేనండీ. తండ్రి మానుకున్నవి బిడ్డ ఒంట్లోకి దిగవు. కమ్మరి కండలు కొడుక్కి పుట్టుకతో వస్తాయా చెప్పండి?"

"మరి చేప?"

"కొన్ని చూపు తక్కువగా పుట్టాయి. చీకట్లో దాంతో నష్టం లేదు, బతికేశాయి. ఎవరి తప్పూ కాదు."

ఆమె వెళ్లిపోయింది. గుండె తేలికపడాలి కదా. పడలేదు. ఇన్నాళ్లూ పాప మౌనంలో అతనికో వాటా ఉండేది. నేరమే కావచ్చు, తండ్రీకూతుళ్ల మధ్య నడిచిన మాట అదొక్కటే. ఇప్పుడు పాప ఏ కారణమూ లేకుండానే మాట్లాడదు. రేపటినుంచి అతను రోజంతా వాగినా దానికి ఒక్క అక్షరం రాదు.

గాజు వెనక కూర్చున్నాడు. లోపలివైపు నుంచి, తిరగేసి రాయాలి. ముందు అక్షరాల ఒళ్లు గీసి, తలకట్లు ఆఖర్న పెట్టడం అతని పద్ధతి. 'ఈ వాదం తప్పు' ఒళ్లు గీయడం అయింది. మూడు తలకట్లు మిగిలాయి. అవి లేని అక్షరాలు ఇంకా ఏదీ తేల్చనట్టు బోడిగా ఉన్నాయి.

"ఏం గురువుగారూ, ఆగారు?" అన్నాడు అవతలినుంచి వడ్రంగి.

కుంచె ఆరిపోతోంది. 'ద' మీద పెట్టాడు. 'ప' మీద పెట్టాడు. చాలాసేపు ఆగి, 'త' మీద కూడా పెట్టాడు.