నీళ్ల గంట

నీళ్ల గంట నా ఆలోచనే. చెప్పుకుని మురిసిపోయాను కూడా. కొత్తకోట దగ్గర మా బడిలో మార్చి నెలకే రేకుల గదులు పెనంలా కాలుతాయి. పదో తరగతి పిల్లలు ఎండకు సొమ్మసిల్లుతున్నారని రోజుకు మూడుసార్లు గంట కొట్టించాను. గంట మోగితే అందరూ సీసాలెత్తి తాగాలి. సాయంత్రం సీసా తిరగేసి చూపించాలి. చుక్క మిగిలిందా, ఇక నా నోటికి హద్దుండదు.

నిఖత్ సీసా ఎప్పుడూ ఖాళీయే. బస్టాండు దగ్గర బట్టలు కుట్టే షాహెదా కూతురు. ఆ పిల్లను లేపి నిలబెట్టి చప్పట్లు కొట్టించేదాన్ని.

"నిఖత్‌ను చూసి నేర్చుకోండ్రి. మీకేం రోగం?"

నిఖత్ తల దించుకునేది. అణకువ అనుకున్నాను.

పరీక్షలకు వారం ముందు, లెక్కలు చేస్తూ చేస్తూ బెంచీ మీదికి ఒరిగిపోయింది. ఒళ్లు కాలిపోతోంది. ఆటోలో వనపర్తి దవాఖానకు తీసుకుపోయాను. షాహెదా కుట్టు మిషను వదిలేసి పరుగెత్తుకొచ్చింది. డాక్టరు కాగితాలు చూసి నా వైపు తిరిగాడు.

"ఈ పిల్ల నీళ్లు తాగదా? మూత్రం ఎన్ని గంటలు ఆపుకుంటది? ఇన్ఫెక్షన్ కిడ్నీలకు ఎక్కింది."

"తాగకపోవుడేంది సార్! నేనే దగ్గరుండి తాపిస్తున్న" అన్నాను రోషంగా.

మంచం మీద నిఖత్ కళ్లు తెరిచింది. "తిట్టొద్దు మేడం. పెదాలకు ఆనిచ్చుకుంట, అంతే. నీళ్లు గోడకాడి కానుగ మొక్కకు పోస్త."

"ఎందుకే?"

"తాగితే యాడికి పోవాలె మేడం? బాత్రూంకు తాళమాయె. ఆడపిల్లలం శానామందిమి గట్లనే పోస్తం."

ఎండల్లోనూ ఆ మొక్క పచ్చగా ఉందని మురిసిపోయింది నేనే.

కడిగే మనిషి లేదని ఆడపిల్లల మరుగుదొడ్డికి హెడ్మాస్టరు తాళం వేయించాడు. అధికారులు తనిఖీకి వచ్చిన రోజే తీస్తారు. మగపిల్లలు గోడ వెనక్కి పోతారు. మరి నేను? రోడ్డు దాటి వంట మనిషి భాగ్యమ్మ ఇంటికి పోయేదాన్ని, రోజుకు రెండుసార్లు. ఆడపిల్లలు ఎక్కడికి పోతున్నారో ఒక్కనాడూ అడగలేదు. సైన్సు టీచర్ని! నా మొహాన నేనే ఉమ్ముకోవాలనిపించింది.

మర్నాడు బండరాయితో తాళం పగలగొట్టాను. హెడ్మాస్టరు అరిచాడు, నేను అంతకంటే గట్టిగా అరిచాను. భాగ్యమ్మ, నేను కలిసి కడిగాం. ఆడపిల్లలు వరుస కట్టారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

నిఖత్ కిడ్నీలు మళ్లీ కోలుకోలేదు. పరీక్షలు రాయలేదు. ఇప్పుడు వారానికి మూడుసార్లు డయాలసిస్. ఒంట్లో నీరు చేరుతుందని డాక్టరు రోజుకు అర లీటరే తాగమన్నాడు.

ఆదివారాలు షాహెదా ఇంటికి పోతాను. ఆమె కాసేపు కూతుర్ని చూసుకోమని చెప్పి మిషను ముందు కూర్చుంటుంది. నేను సీసా మూతతో కొలిచి నీళ్లు పోస్తాను.

నిన్న మధ్యాహ్నానికే ఆ అర లీటరులో సగానికి పైగా అయిపోయింది. నిఖత్ పెదాలు పగిలి ఉన్నాయి.

"గొంతెండుతున్నది మేడం. జర ఇంకొన్ని పోయుండ్రి."

"వద్దు బిడ్డా" అన్నాను. "పొద్దుగూకినంక తాగుదువు."

సీసాకు మూత బిగించి, ఆ పిల్లకు కనబడకుండా నా వెనక పెట్టుకున్నాను.