కుడి నుంచి కోయాల్సిన కేకు

లెక్కల టీచరు రిటైరయ్యే రోజున స్టాఫ్ రూములోకి కేకును ఇద్దరు మోసుకొచ్చారు. అది బల్ల ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఉంది. దాని మీద పేరు లేదు, శుభాకాంక్షలు లేవు. ఎర్రటి క్రీముతో ఎనిమిది అంకెలు: 73939133.

"ఎవరి ఫోన్ నంబరమ్మా ఇది?" అన్నాడు డ్రిల్లు మాస్టారు.

కేకు చేసింది టీచరు చెల్లెలు. సొంత బేకరీ నడుపుతుంది గానీ, లెక్కలంటే చిన్నప్పటి నుంచీ ఆమడ దూరం. ఎప్పుడో అక్క ఈ సంఖ్య గురించి మురిసిపోతూ చెబుతుంటే, ముక్క అర్థం కాకపోయినా ముచ్చటేసి అంకెలు కంఠతా పట్టింది.

టీచరు గుమ్మంలోనే ఆగిపోయింది. "ఒసేయ్, ఇన్నాళ్లూ గుర్తుపెట్టుకున్నావా!" అంటూ చెల్లెల్ని వాటేసుకుంది. ఆ సందట్లో హెడ్మాస్టరు చాకు అందుకుని ఎడమ చివరనున్న ఏడును కోసేశారు.

"ఆగండి సార్! కొంప ముంచారు!" అని అరిచింది టీచరు.

హెడ్మాస్టరు ముక్క చేత్తో పట్టుకుని బిక్కమొహం వేశారు.

"ఇది ప్రధాన సంఖ్య సార్. ఒకటీ, తనూ తప్ప ఇంకే సంఖ్యా దీన్ని శేషం లేకుండా భాగించలేదు. కుడి నుంచి ఒక్కో అంకె తీసేస్తూ పోండి, మిగిలేది ప్రతిసారీ ప్రధాన సంఖ్యే. మీరు ఏకంగా తల తీసేశారు!"

"తీస్తే ఏమైందమ్మా?"

టీచరు మిగిలిన 3939133 వైపు చూసింది. పెదాలు కదిలాయి. అంతలోనే పకపకా నవ్వింది. "పదకొండు దూరిపోయింది! ఒకటి విడిచి ఒకటి కూడండి, పది. మిగతావి కూడితే ఇరవై ఒకటి. తేడా పదకొండు. ఇంకేముంది, పదకొండుతో భాగం పోతుంది."

సైన్సు టీచరు ఫోను తీసి భాగించింది. నిజంగానే శేషం సున్నా.

హెడ్మాస్టరు ఏడును భద్రంగా యథాస్థానంలో పెట్టారు. చెల్లెలు పగులు మీద క్రీము పూసింది. ఈసారి కుడి చివర నుంచి కోత మొదలైంది. మూడు పోయింది. సైన్సు టీచరు ఫోను చూసి "ప్రధానమే!" అంది. ఇంకో మూడు పోయింది. "ప్రధానమే!" ఒకటి పోయేసరికి గది మొత్తం గొంతు కలిపింది. ఆ గోలకు వరండాలో వెళ్తున్న పిల్లలు కిటికీలకు అతుక్కుపోయారు. వాళ్లకూ తలా కాస్త అందింది. చివరికి బల్ల మీద ఏడు ఒక్కటే మిగిలింది.

"కుడి పక్కన ఇంకో అంకె తగిలించి చేసుంటే అందరికీ రెండోసారి వచ్చేదిగా?" డ్రిల్లు మాస్టారు వేళ్లు నాక్కుంటూ అడిగాడు.

"ఏది తగిలించినా చెడిపోతుంది మాస్టారూ. ఈ వంశంలో ఇంతకన్నా పెద్దది లేదు."

ఏడు టీచరుదేనని అందరూ ఒక్కమాటగా తేల్చారు. ఆవిడ పెద్ద ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది.

"అందరూ భాగించుకుంటూ కూర్చున్నారు. కేకు ఎలా ఉందో ఒక్కరైనా చెప్పారా?" అంది చెల్లెలు మూతి ముడుచుకుని.

జవాబు చెప్పడానికి అక్క నోరు ఖాళీగా లేదు. మిగిలిన ఏడు తీసి చెల్లెలి నోట్లో కుక్కింది.