నోటికి అట్ట అడ్డం పెట్టి

పొద్దున పదింటికి మేం పిల్లల్ని చంకనేసుకుని వెళ్లేసరికి, ప్రభుత్వాసుపత్రి మాటల గదిలోంచి ఇద్దరు కూలీలు బుల్లి కుర్చీలు బయటికి మోస్తున్నారు. తలుపు మీద కాగితం. పిల్లలందరికీ వినపడుతున్నట్టు తనిఖీలో తేలింది కనుక శిక్షణ ఇక అవసరం లేదట, గదిని స్టోర్ రూముగా వాడుకుంటారట. మంచి వార్తే. అంత మంచి వార్త చదివి ఏడ్చిన జనాన్ని నేనెప్పుడూ చూడలేదు.

మా పిల్లలకి పుట్టు చెవుడు. తల లోపల ఒక మిషన్ పెట్టి, చెవి వెనక ఇంకోటి తగిలించి ఇంటికి పంపారు. మిషన్ పెడితే శబ్దం వస్తుంది. మాట రాదు. తలుపు చప్పుడేదో అమ్మ పిలుపేదో ఒక్కొక్కటే నేర్పాలి, ఏళ్ల తరబడి, అదీ చిన్నప్పుడే. ఐదేళ్లు దాటితే కష్టమని మొదటి రోజే చెప్పారు. మా అమ్మాయికి నాలుగున్నర.

నేర్పేది టీచరమ్మ ఒక్కతే. నోటికి అట్ట అడ్డం పెట్టుకుని ఆరు శబ్దాలు పలుకుతుంది: ఆ, ఊ, ఈ, మ్, ష్, స్. పిల్ల చెక్కముక్కని చెంపకి ఆనించుకుని వినాలి, వినపడితే బకెట్లో వెయ్యాలి. అట్ట లేకపోతే పెదాలు చూసి పట్టేస్తారు, గడుగ్గాయిలు.

మరి తనిఖీలో ఎలా తేలిందంటే, మేమే తేల్చాం.

పై ఆఫీసు సారొస్తున్నాడని తెలియగానే మాకు పరీక్షల జ్వరం పట్టుకుంది. మేం మర్యాదస్తులం. మిషన్ కనపడకుండా పిల్లలకి జుట్టు పెంచేవాళ్లం. పిల్ల మాట్లాడదేమని చుట్టాలడిగితే సిగ్గెక్కువండీ అనేవాళ్లం. అలాంటివాళ్లం సారు ముందు పిల్ల ఫెయిలవనిస్తామా? వారం రోజులు ఇంట్లో బట్టీ పట్టించాం, ఎప్పుడూ అదే వరసలో, అట్ట లేకుండా. టీచరమ్మ సాయం చేస్తుందేమోనని ఆవిడని బయట కూచోబెట్టి, సారు మమ్మల్నే పలకమన్నాడు. ఇంతింత నోళ్లు చేసుకుని పలికాం. టైలరక్క కొడుకైతే తల్లి మొదలెట్టకముందే ఆరు ముక్కలూ వేసేశాడు. సారు సంతోషించి రాసుకుపోయాడు. ఆ సాయంత్రం గ్రూపులో ఒకళ్లకొకళ్లం చప్పట్ల బొమ్మలు పంపుకున్నాం.

ఇప్పుడు కారిడార్లో ఒకళ్ల మీద ఒకళ్లు పడ్డాం. కండక్టరన్న తప్పంతా టైలరక్కదే అన్నాడు. "నీ కూతురు మాత్రం ఏం వినింది అన్నా, నీ మీసం కదిలితే వేసింది" అందావిడ. బ్యాంకాయన అర్జీ పెడదామన్నాడు. ఇల్లంటుకున్నా ముందు అర్జీ రాసే మనిషాయన.

టీచరమ్మ గోడకానుకుని కూచుంది. తిడుతుందనుకున్నాం. ఆ ఓపిక కూడా ఉన్నట్టు లేదు.

"మీ పిల్లలు ఫెయిలయ్యారని మీ నోటితో చెప్పగలరా?" అంది. "చెప్పగలిగితే గది ఉంటుంది."

టైలరక్కే తన కొడుకుని ముందుకి తోసింది. "మావాడికి వినపడలేదు. ఆ దొంగతనం నేర్పింది నేనే."

తర్వాత కండక్టరన్న. తర్వాత నేను. బ్యాంకాయన కళ్లజోడు మూడుసార్లు తుడుచుకుని, కూతురి జుట్టు వెనక్కి దువ్వి, మిషన్ అందరికీ కనపడేలా ముడేశాడు. అర్జీ సంగతి మళ్లీ ఎత్తలేదు.

కుర్చీలు లాక్కోబోయాం. లాక్కోవాల్సిన పని పడలేదు. కూలీల్లో పెద్దాయన "మాకేమన్నా సరదానా బాబూ" అంటూ వాటిని గదిలో వరసగా వేసి, నడుం నొప్పని ఒకదాంట్లో తనే కూచున్నాడు. మా బైఠాయింపు ఆయనతోనే మొదలైంది.

మధ్యాహ్నానికి సారొచ్చాడు, వెనక ఇద్దరు పోలీసులు. మళ్లీ పరీక్ష పెట్టమన్నాం, అట్టతో, వరస మార్చి. టీచరమ్మ మా అమ్మాయిని కూచోబెట్టింది. స్. పిల్ల కదల్లేదు. ష్. ముక్క చెంప దగ్గరే ఉంది. నా కూతురు తప్పుతుంటే పదిమందిలో తలెత్తుకుని నిలబడటం నాకదే మొదలు.

కావాలనే నాటకమాడిస్తున్నారని సారు ఫైలు మొహానికి అడ్డం పెట్టుకుని పోలీసులతో గట్టిగా అన్నాడు. పిల్ల టక్కున ముక్క బకెట్లో వేసింది.

"చూశారా, వినపడింది" అన్నాడు సారు.

"చప్పుడు వినపడింది సార్" అంది టీచరమ్మ. "మీరేమన్నారో దానికి తెలీదు. ఆ మిగతాది నేర్పడానికే ఈ గది."

సారు తల ఊపాడు, పోలీసుల వైపు. ప్రభుత్వ పనికి అడ్డమట. ఆవిడ చెప్పులేసుకుని, అట్టని టైలరక్క చేతికిచ్చి వాళ్లతో నడిచింది. పదకొండేళ్లలో ఆవిడ పెందలాడే ఇంటికెళ్లిన రోజు లేదు, పని మధ్యలో వదిలింది ఇవాళే.

గది ఖాళీ చెయ్యమన్నాడు సారు. టైలరక్క మా అమ్మాయి ఎదురుగా బుల్లి కుర్చీలో ఇరుక్కుని కూచుంది. జీవితంలో మొదటిసారి అట్ట నోటికి అడ్డం పెట్టుకుంది. మేమంతా చుట్టూ నేల మీద కూలబడ్డాం.

మ్, అంది. 

మా అమ్మాయి ముక్కని చెంపకి ఆనించుకుని చూస్తోంది. బయట జీపు స్టార్టయింది. సారు మళ్లీ అరిచాడు.

"ఉండండి సార్" అంది టైలరక్క అట్ట వెనక నుంచే. "పిల్ల వింటోంది."