ముందొచ్చిన ఏడుపు

డబ్బా అడుగు కనిపిస్తే అత్తగారికి గుండె దడ. ఏళ్ల తరబడి ఓ హాస్టలు వంటగదిని ఒంటిచేత్తో నడిపిన మనిషి మరి. చక్కెర కాస్త కిందికి దిగిందంటే చాలు, కొత్త పొట్లం తెచ్చి పాతదాని మీదే పోసేసేది. కొడుకు లారీ మీద తిరుగుతూ ఎప్పుడొస్తాడో వాడికే తెలియదు, ఇంట్లో తినేది తనూ కోడలే. అయినా సరే, అలమరలో డబ్బాలన్నీ నిండు చూలాళ్లలా ఉండాల్సిందే. ఆ వరసలోకి ఈమధ్య కుక్క బిస్కెట్ల డబ్బా కూడా చేరింది.

కుక్కని తెచ్చింది కోడలు. ఆవిడ టైలరింగు షాపులో బట్టలు కత్తిరిస్తుంది. షాపు నుంచి వచ్చే దారిలో, దిక్కులేని కుక్కల్ని చేరదీసే షెడ్డొకటి ఉంది. అక్కడ ఓ మూల గోనెసంచి మీద ముడుచుకుని కూర్చున్న బుల్లి కుక్కని చూసి ఉండబట్టలేక ఎత్తుకొచ్చేసింది. చిటికెడు కూడా లేదు, ఇదేం కుక్క అని అత్తగారు మూతి తిప్పింది. దాంతో దాని పేరు చిటికెడు అయి కూర్చుంది.

షెడ్డావిడ కొన్నాళ్లు చూసుకుని చెప్పమంది. అప్పటికే రెండిళ్ల వాళ్లు దాన్ని తిరిగిచ్చేశారట. దాని అరుపు ఓ పూట ముందే వచ్చేస్తుందని వాళ్ల గోల.

అది నిజమే. చిటికెడు సాయంత్రం గుమ్మంలో అరవబోయే అరుపు పొద్దున్నే గుమ్మంలో వినబడేది. అప్పుడది మంచం కింద గుర్రుపెట్టి నిద్రపోతూ ఉండేది. సాయంత్రం నోరు తెరిచి అరిచినప్పుడు మాత్రం చప్పుడే ఉండేది కాదు. ఇందులో వింతేముంది, ఒక్కో గొంతుది ఒక్కో తీరు. పొద్దున గుమ్మంలో అరుపు వినబడితే పక్కింటాయన గోడ మీంచి తొంగి చూసి, సాయంత్రం మీకు చుట్టాలున్నట్టున్నారే అనేవాడు. అత్తగారు ఇంకో ఇద్దరికి సరిపడా వండిపెట్టేది. ఆ లెక్క ఒక్కసారీ తప్పలేదు.

అత్తగారు పైకి ఎంత విసుక్కున్నా, అది కాళ్ల దగ్గర చేరితే చాలు, చెయ్యి దానంతటదే బిస్కెట్ల డబ్బా మీదికి పోయేది.

ఒకరోజు పొద్దున వంటింట్లోంచి ఏడుపు వినబడింది. మామూలు అరుపు కాదు, పేగులు మెలిపెట్టినట్టు మూడుసార్లు సాగదీసి, చివర ఓ చిన్న తుమ్ము. చిటికెడు మాత్రం ముందుగదిలో పడుకుని తోకాడిస్తోంది.

కోడలి మొహం పాలిపోయింది. "అత్తయ్యా, సాయంత్రానికి దీనికేదో అయిపోతుంది. ఇప్పుడే షెడ్డులో ఇచ్చేద్దాం. అక్కడైతే మందులూ అవీ ఉంటాయి."

"దాన్ని పంపేసి మనం చెవులు మూసుకుందామంటావా? ముందు వంటిల్లు చూడనీ."

ఇద్దరూ వంటిల్లంతా గాలించారు. చీమల మందు అటక మీద భద్రంగానే ఉంది. కత్తిపీట దాని చోట అదుంది. చివరికి అత్తగారి చూపు బిస్కెట్ల డబ్బా మీద పడింది. కొట్టువాడు సరుకు రాలేదనడంతో ఈసారి డబ్బా బాగా దిగిపోయింది. సాయంత్రం పెట్టాల్సినవి అడుగునున్నవే. బోర్లించింది. పొయ్యి ఆవిరికి చెమ్మగిల్లిన పాత ముక్కలు బూజు పట్టి ముద్దగా జారిపడ్డాయి.

"నా చేత్తో పెట్టేదాన్నే," అంది అత్తగారు, స్టూలు మీద కూలబడి.

డబ్బాతో సహా పెరట్లో చెత్తలో పారేసి, పరుగున జంతువుల డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఆయన చిటికెడు పొట్ట నొక్కి చూసి, ఏమీ లేదన్నాడు. ఆ బూజు తింటే మాత్రం ఇంత చిన్న ప్రాణి వణికిపోతుందనీ, ఒక్కోసారి దక్కదనీ చెప్పాడు. బిస్కెట్లు వాటి ప్యాకెట్లోనే గట్టిగా మూసి పొయ్యికి దూరంగా పెట్టమన్నాడు, పాతవి అయిపోకుండా కొత్తవి విప్పొద్దన్నాడు. ఎందుకైనా మంచిది, ఇవాళ్టికి అవేమీ పెట్టొద్దన్నాడు.

అయినా అత్తగారికి గుండె కుదుటపడలేదు. ముందొచ్చిన చప్పుడు ఇంతవరకూ అబద్ధం కాలేదు కదా. మధ్యాహ్నమంతా చిటికెడుని ఒళ్లోంచి దించలేదు, ఒక్క మెతుకు ముట్టలేదు. కోడలు షాపుకి సెలవు పెట్టేసింది.

పొద్దు వాలాక చిటికెడు ఒళ్లోంచి గింజుకుని దూకి వంటింట్లోకి పరిగెత్తింది. ఇద్దరూ వెనకే ఉరికారు. అది అలమర ముందు కూర్చుంది. డబ్బా ఉండాల్సిన చోటు ఖాళీ. ఓసారి అటు చూసింది, ఓసారి అత్తగారి చేతుల వైపు చూసింది. ఆ చేతుల్లోనూ ఏమీ లేదు. మెడ పైకెత్తి, నోరు బార్లా తెరిచింది. చప్పుడు లేదు. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి ఇంకా పొడుగ్గా. చివర ముక్కు చిట్లించి తల ఒక్కసారి విదిలించింది. తోక మాత్రం ఆడుతూనే ఉంది.

కోడలు గోడకి చేరగిలబడిపోయింది. "బిస్కెట్లు పారేశామని ఏడుస్తోంది అత్తయ్యా. ఇది ఏడ్చిందనే కదా మనం పారేసింది."

అత్తగారు నేల మీదే చతికిలబడి దాన్ని ఒళ్లోకి లాక్కుంది. నవ్వుతోంది, కళ్లు మాత్రం ధారలు కడుతున్నాయి. చిటికెడు అలిగి మొహం తిప్పుకుంది.

"ఏడు తల్లీ, ఏడు. ఇలాంటి ఏడుపులే నిండు నూరేళ్లూ ఏడు."